జెన్ కారు బేరం

కారు అమ్మేస్తున్నానని చెప్పగానే మా ఆవిడ దేవుడి గదిలోకి వెళ్ళి రెండో దీపం కూడా వెలిగించింది. మా అమ్మ మాత్రం మంచం మీదినుంచే, "ఎవరు కొంటార్రా దాన్ని?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి నాకు మూడు నెలలు పట్టింది.

కారంటే పెద్ద కారేమీ కాదు. మారుతీ జెన్. 1993లో వచ్చిన ఆ చిన్న కారు పాత ఆకారం 2006తో ఆగిపోయింది. నాది ఆ చివరి సంవత్సరానిది. 993 సి.సి. ఇంజను, అరవై గుర్రాల బలం, ఎనిమిది వందల కిలోలు దాటని వొళ్ళు. మలుపు తిప్పితే పిల్లిపిల్లలా చటుక్కున తిరిగేది. అందుకే కుర్రకారుకు ఆ బండి అంటే అంత మోజు. 2012లో ఒక రిటైరైన పోస్టుమాస్టరుగారి దగ్గర 1,10,000 రూపాయలకు కొన్నాను. ఆయన దాన్ని ఆదివారం గుడికీ, నెలకొకసారి పింఛనుకూ తప్ప బయటికి తీసేవారు కాదు. సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు కూడా తియ్యలేదు.

అంతటి సాధుజీవిని నేను చెడగొట్టాను. అది ఒక్కరోజులో జరిగిన పని కాదు. గోచీని ఎలుక కొరుకుతున్నదని పిల్లిని తెచ్చి, పిల్లికి పాలకోసం ఆవును తెచ్చి, ఆవుకోసం సంసారం పెట్టిన సన్యాసి కథ అందరికీ తెలిసిందే. మొదట అల్లాయ్ చక్రాలు వేయించాను. ఆ చక్రాలకు సన్నటి టైర్లు బాగుండవని వెడల్పాటివి వేయించాను. వెడల్పాటి టైర్లతో స్టీరింగు బరువెక్కింది. బండి ఎత్తుగా కనిపిస్తున్నదని స్ప్రింగులు కురచవి వేయించాను. అప్పటినుంచి మా వీధి చివరి స్పీడు బ్రేకరు మీద కారు పొట్ట గీసుకోవడం మొదలుపెట్టింది. ఇన్ని చేశాక గొంతు పాతదే వుంటే ఏం బాగుంటుందని సైలెన్సరు మార్చాను. ఆ గొంతు విని మా ఎదురింటి వారి పసిపిల్ల నిద్రలో వులిక్కిపడి లేచేది.

మా వ్యాకరణంలో ఆగమమనీ, ఆదేశమనీ రెండున్నాయి. ఆగమం స్నేహితుడిలా వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆదేశం శత్రువులా వచ్చి వున్నవాణ్ణి వెళ్ళగొట్టి ఆ చోట తాను కూర్చుంటుంది. పాతికేళ్ళ కుర్రవాళ్ళకు ఈ తేడా ఏళ్ళ తరబడి పాఠం చెప్పినవాణ్ణి, అయినా నాకు తెలిసిరాలేదు. 2021లో రిజిస్ట్రేషను అయిదేళ్ళకు పొడిగించారు. ఆ మరుసటి సంవత్సరమే విజయవాడ ఆటోనగర్‌లో మా మేస్త్రి చేత, తుక్కుకు పోతున్న ఒక ఎస్టీమ్ కారు ఇంజను తీయించి నా జెన్‌లో పెట్టించాను. 1,298 సి.సి., ఎనభై అయిదు గుర్రాలు. అది ఆదేశమే.

బ్రేకులు కూడా మార్చాలని మేస్త్రి ఆ రోజే చెప్పాడు. "వచ్చే నెల చూద్దాంలే" అన్నాను. చేతిలో డబ్బు అక్కడికి అయిపోయింది. ఆ వచ్చే నెల మళ్ళీ రాలేదు.

అమ్మవలసిన అవసరం మా అమ్మ వల్ల వచ్చింది. ఆమె స్నానాలగదిలో జారిపడి నడుముకు దెబ్బ తగిలించుకున్నది. గుంటూరు ఆస్పత్రికి తీసుకువెళ్ళి తీసుకురావాలి. తెనాలి నుంచి గుంటూరు దాకా వున్న ప్రతి గతుకూ, ప్రతి స్పీడు బ్రేకరూ ఆమె నడుములో పలికింది. నోరెత్తి ఒక్క మాట అనలేదు. నాలుగోసారి వెళ్ళవలసి వచ్చినప్పుడు మాత్రం, "ఒరేయ్ నాయనా, నువ్వు కారులో రా, నేను రైల్లో వస్తాను" అన్నది. ఆ రాత్రి నేను అన్నం సరిగా తినలేదు. దానికితోడు 2026లో రిజిస్ట్రేషను గడువు తీరుతుంది. ఆఫీసులో బండిని పరీక్షకు పెడితే ఇంజను నెంబరు దగ్గరే దొరికిపోతాను. అందుకని 2025 వేసవి సెలవుల్లో బేరం పెట్టాను.

మొదట వచ్చినవాడు బ్రోకరు. అంతవరకూ నేను లెక్క ఎట్లా వేసుకున్నానంటే, కారు 1,10,000, దాని మీద నేను పెట్టినది 2,80,000 (ఈ అంకె మా ఆవిడ పద్దుపుస్తకంలోది, కాబట్టి తప్పుండదు), వెరసి 3,90,000. పాతబడింది గనక సగం తగ్గించినా దాదాపు రెండు లక్షలు వస్తాయి. బ్రోకరు కారు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కింద చూసి, లేచి చేతులు దులుపుకున్నాడు.

"మామూలు జెన్ అయితే డెబ్బై వేలు కళ్ళకద్దుకుని ఇచ్చేవాణ్ణి సార్. దీనికి నలభై."

"ఇన్ని సామాన్లు వేయించాను గదయ్యా!"

"అందుకేగా సార్ తగ్గింది! చక్రాలు మార్చాలి, స్ప్రింగులు మార్చాలి, సైలెన్సరు మార్చాలి. ఇంజను సంగతి నేను అడగను, మీరు చెప్పకండి."

ఒక జీవితపాఠం ఇంత తక్కువ మాటల్లో నాకెవరూ చెప్పలేదు. మన ముచ్చట కోసం ఖర్చు పెట్టిన రూపాయి మన ముచ్చటతోనే తీరిపోతుంది. కొనేవాడికి దాంతో నిమిత్తం లేదు. పైగా ఆ ముచ్చటను వదిలించుకోవడానికి అతనికయ్యే ఖర్చు మన దగ్గరే తగ్గించుకుంటాడు.

రెండో బేరం ఒక పెద్దాయన. మనవరాలు డ్రైవింగు నేర్చుకోవడానికి చిన్న కారు కావాలన్నారు. తాళం తిప్పి ఇంజను స్టార్టు చేశాను. ఆయన రెండు చెవులూ మూసుకుని, "మా అమ్మాయి నేర్చుకునేది కారండీ, విమానం కాదు" అని వచ్చిన ఆటోలోనే వెళ్ళిపోయారు.

మూడోవాడు వచ్చాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడు. మా కాలేజీలోనే చదివి, డిగ్రీ అయి, ఎక్కడో చిన్న పనిలో వున్నాడు. వాడికి కారు గురించి నేనేమీ చెప్పవలసిన పని లేకపోయింది. చక్రాలు ఎక్కడివో, స్ప్రింగులు ఎవరివో, ఇంజను చప్పుడు విని అది ఎస్టీమ్‌దని కూడా వాడే చెప్పాడు. నా కారును చూసి కళ్ళు మెరిసిన మనిషి, నేను కాక, వాడొక్కడే. నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను. అడక్కుండానే లక్షా యాభై వేలు ఇస్తానన్నాడు. వాళ్ళమ్మ చీటీ పాడిన డబ్బట. అప్పటికప్పుడు పదివేలు బయానా నా చేతిలో పెట్టాడు. వెళ్ళేముందు గుమ్మం దగ్గర నిలబడి మెల్లిగా అన్నాడు:

"ఆర్.సి. మీ పేరు మీదే వుండనివ్వండి సార్. మార్చడానికి వెళితే ఇంజను నెంబరు చూస్తారు. తర్వాత చూసుకుందాం."

నేను తలూపాను. నిజం చెప్పాలంటే, లక్షా యాభై వేలు వినగానే నా తల దానంతటదే వూగింది.

ఆ సాయంత్రం మా కాలేజీలో నాతోపాటు చదివిన ఒక వకీలు మిత్రుడి దగ్గర ఈ ఘనకార్యం చెప్పాను. అతను నవ్వలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం వచ్చిన సవరణ ప్రకారం అట్లాంటి ఒక్కొక్క మార్పుకు ఆరు నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. నేను వేళ్ళు ముడవటం మొదలుపెట్టాను. "అన్నీ లెక్కపెట్టుకోకు, ఇంజను ఒక్కటి చాలు" అన్నాడు.

"అది పాత పాపం. ఇప్పుడు కొత్తది చెయ్యబోతున్నావు" అని అసలు సంగతికి వచ్చాడు. అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో ఆ సంగతి రిజిస్ట్రేషను అధికారికి తెలియజెయ్యాలి. కొన్నవాడు ముప్ఫై రోజుల్లో తెలియజెయ్యాలి. ఫారం 29, ఫారం 30 అందుకే వున్నాయి. సంతకాలు చేసిన కాగితాలు అతని చేతిలో పడేసి మన పని అయిపోయిందనుకుంటాం. కాని పుస్తకంలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో అతనే యజమాని. చేతులు మారిన ఒక కారు ప్రమాదం చేస్తే, పుస్తకంలో పేరు మిగిలిపోయిన మొదటి మనిషిదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక భీమా సంగతి. ఇంజను మార్చినట్టు కంపెనీకి చెప్పకుండా తీసుకున్న పాలసీ అక్కరకు వచ్చినప్పుడు పేచీ పెడుతుంది.

ఇవన్నీ విని భయపడ్డ మాట నిజమే. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం చట్టం కాదు.

2023 వర్షాకాలంలో ఒక రాత్రి గుంటూరు నుంచి ఒంటరిగా వస్తున్నాను. నారాకోడూరు దగ్గర, వెనక దీపం లేని ట్రాక్టరు ట్రక్కు ఒకటి చీకట్లోంచి ఒక్కసారిగా ఎదురుగా లేచింది. బ్రేకు మీద నిలబడ్డాను. కారు ఆగలేదు. జారుతూ పోయి, ట్రక్కుకు జానెడు దూరంలో ఆగింది. వేగం రెండింతలైతే, బండిని ఆపడానికి బ్రేకులు చెయ్యవలసిన పని నాలుగింతలవుతుంది. నేను ఇంజనుకు మరో ఇరవై అయిదు గుర్రాలు కట్టాను గాని పగ్గాలు మాత్రం పాతవే వుంచాను. ఈ సంగతి మా ఆవిడకు చెప్పలేదు. మేస్త్రికీ చెప్పలేదు. ఆ కుర్రాడికి కూడా చెప్పలేదు.

మర్నాడు వాణ్ణి పిలిపించి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. విని, "ఫర్వాలేదు సార్, నేను జాగ్రత్తగా నడుపుతాను" అన్నాడు.

సరిగ్గా ఈ మాటే, ఇంజను మార్చిన రోజు, నేను మా అమ్మకు చెప్పాను.

లోపలికి వెళ్ళి పదివేలు తెచ్చి వాడి చేతిలో పెట్టాను. వాడి ముఖం మాడిపోయింది. "ఎక్కువ వచ్చిందా సార్?" అని అడిగాడు. లేదన్నాను. నమ్మలేదు. నమస్కారం కూడా పెట్టకుండా వెళ్ళిపోయాడు. పాఠం చెప్పిన పిల్లవాడి దృష్టిలో అబద్ధాలకోరుగా నిలబడడం లక్షా యాభై వేల నష్టం కన్నా నాకు ఎక్కువ కష్టంగా తోచింది.

ఆటోనగర్‌కు వెళ్ళి మేస్త్రితో, బండిని మళ్ళీ మొదట వున్నట్టు చెయ్యాలన్నాను. అతను ఏమీ అడక్కుండా షెడ్డు మూలకు వెళ్ళి గోనెపట్టా లాగాడు. కింద నా అసలు ఇంజను, పక్కనే పాత స్ప్రింగులు, సైలెన్సరు. "పారెయ్యబుద్ధి కాలేదు మాస్టారూ. ఏదో ఒకనాటికి అడుగుతారని అనిపించింది" అన్నాడు. అతనికి నేను ఏం చదువు చెప్పగలను? విప్పడానికీ, బిగించడానికీ, బ్రేకులకూ కలిపి 34,000 అయింది. చక్రాలూ, వేయించిన తక్కిన సామానూ విడివిడిగా అమ్మితే 41,000 వచ్చింది. కారుకు అతుక్కుని వున్నప్పుడు ధర తగ్గించిన వస్తువులే, విప్పి పక్కన పెట్టగానే ధర పలికాయి. కారు 68,000కు ఒక ఆస్పత్రి నర్సమ్మగారు తీసుకున్నారు. ఇద్దరం కలిసి వెళ్ళి కాగితాలు దాఖలు చేశాకే తాళం చేతికిచ్చాను. భీమా తాలూకు నో క్లెయిమ్ బోనస్ కారుతో పోదు, మనిషితోనే వస్తుందని అప్పుడే తెలిసింది. వెళ్ళిపోయినవాటిలో మిగిలింది అదొక్కటే.

ఆ కుర్రాడు వేరేచోట మరో పాత జెన్ కొన్నాడని విన్నాను. దసరా ముందు బజారులో ఎదురుపడ్డాడు. నేనే ఆగి, "బ్రేకులు చూపించావా?" అన్నాను. వాడు కాసేపు నేలచూపులు చూసి, "మార్పించాను సార్. ముందు అవే మార్పించాను" అన్నాడు. ఈసారి నమస్కారం పెట్టాడు.

నర్సమ్మగారికి కారు అప్పగించవలసిన రోజు పొద్దున, ఆఖరిసారి గదా అని మా అమ్మను ఎక్కించుకుని బుర్రిపాలెం రోడ్డు దాకా వెళ్ళి వచ్చాను. స్పీడు బ్రేకరు దాటినా ఆమె మూలగలేదు. ఇంజను వున్నదో లేదో తెలియనంత నెమ్మదిగా వున్నది. ఇంటిముందు దిగుతూ అమ్మ కారు తలుపు మీద చెయ్యి వేసి అన్నది:

"ఎంత హాయిగా వుందిరా! ఇంత మంచి బండిని ఎందుకురా అమ్ముకుంటున్నావు?"