గృహం మారే వేళ అపరిగ్రహ విచారణ

ఒక గృహాన్ని విడిచి మరొక గృహానికి తరలివెళ్లే సమయంలో గృహస్థునికి తన పరిగ్రహ స్వరూపం సమగ్రంగా గోచరిస్తుంది. అటకమీద ఏళ్ల తరబడి కదలని పెట్టెలు, వ్రతాలలోను గృహప్రవేశాలలోను పుచ్చుకొన్న స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు, ఒక్కసారి ధరించి మడతపెట్టిన పట్టుచీరలు, చెడిపోయిన మిక్సీలు అన్నీ ఒకే దినాన కంటి ఎదుట నిలుస్తాయి. ‘ఇంత ఎప్పుడు చేరింది?’ అనే ఆశ్చర్యం ప్రతి ఇంటిలోను వినబడుతుంది. తరువాత సగం వస్తువులు పారవేయబడతాయి. మిగిలినవి లారీ ఎక్కుతాయి. భారం తగ్గిందనే తృప్తి కలుగుతుంది. ఆ తృప్తికే అపరిగ్రహమని పేరు పెట్టడం నేడు సాధారణమైంది. కాని శాస్త్రదృష్టితో విచారిస్తే పారవేయడం వేరు, అపరిగ్రహం వేరు.

పతంజలి మహర్షి యోగసూత్రాల సాధనపాదంలో (2.30) అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం తరువాత ఐదవ యమంగా అపరిగ్రహాన్ని నిర్దేశించారు. వ్యాసభాష్యం దానిని వివరిస్తూ భోగవిషయాలలో ఐదు దోషాలను చూపింది. అవి ఆర్జించడంలోని శ్రమ, రక్షించడంలోని ఆందోళన, క్షయించినప్పటి దుఃఖం, అనుభవించేకొద్దీ పెరిగే సంగం, వాటి మూలంగా జరిగే హింస. ఈ దోషాలను దర్శించి విషయాలను స్వీకరించకుండటమే అపరిగ్రహమని భాష్యకారుని నిర్ణయం. ఇక్కడ గమనింపదగినది ‘స్వీకరించకుండటం’ అనే మాట. అది వస్తువు గడప దాటి లోనికి రాకముందే జరిగే క్రియ. గడప వద్ద వివేకం లేనిచోట అటక వద్ద ఎంత వైరాగ్యం ప్రదర్శించినా ఫలం స్వల్పం. పాత సోఫా కొత్త హాలుకు నప్పలేదని, పాత తెరలు కొత్త కిటికీలకు చాలలేదని కొనుగోళ్లు ఆరంభమవుతాయి. ఖాళీ అయిన స్థలమే కొత్త తృష్ణకు ఆహ్వానమవుతుంది.

విసర్జనకు దానమని పేరు పెట్టడంలో మరొక ప్రమాదం ఉన్నది. కఠోపనిషత్తు ఆరంభంలో వాజశ్రవసుడు సర్వస్వదానం చేసే యజ్ఞం చేస్తాడు. కాని దక్షిణగా తోలుకొనిపోబడుతున్నవి ఇక నీరు త్రాగలేని, గడ్డి మేయలేని, పాలివ్వలేని, ఈనలేని గోవులు. ఆ దృశ్యాన్ని చూచిన నచికేతునిలో శ్రద్ధ ప్రవేశించింది. అటువంటి దానం చేసినవాడు ఆనందరహితమైన లోకాలకు పోతాడని బాలుడు చింతించాడు. బ్రహ్మవిద్యకు ద్వారం తెరిచినది ఈ చింతనయే. ఇల్లు మారే దినాన పనిమనిషి చేతిలో పెట్టే మూత లేని కుక్కరు, జిప్పు ఊడిన సంచి, వాసన పట్టిన పరుపు వాజశ్రవసుని గోవులకు భిన్నమైనవి కావు. పుచ్చుకొనేవారు మొగమాటంతో కాదనలేరు. ఇచ్చేవారు తమ చెత్తను వారి చిన్న గదిలోనికి తరలించి పుణ్యం ఆర్జించామని భావిస్తారు. ఇవ్వదలచినది ఉపయోగయోగ్యమై ఉండాలి. బాగుచేయవలసినదైతే బాగుచేయించి ఇవ్వాలి. అది సాధ్యం కానప్పుడు పాత సామానుల వ్యాపారికి ఇవ్వడం నిజాయితీ గల పని. దానికి దానమనే పేరు మాత్రం అక్కరలేదు.

భాష్యం చెప్పిన ఐదవ దోషమైన హింసను ఈ కాలంలో ప్రత్యేకంగా స్మరించాలి. పారవేసిన వస్తువు కంటికి కనబడకుండా పోతుందే గాని నశించదు. హైదరాబాదు మహానగరపు చెత్త చేరే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు పరిసరవాసులు ఏళ్ల తరబడి దుర్గంధాన్ని, కలుషితమైన భూగర్భజలాన్ని భరిస్తూ వచ్చారు. ఒక కుటుంబం పొందిన ‘తేలికదనం’ మరొక కుటుంబం త్రాగే నీటిలో బరువుగా మారితే దానిని అహింసతో సమన్వయించడం ఎట్లా? అపరిగ్రహం యమాలలో ఒకటి గనుక మిగిలిన నాలుగింటితో విరోధించి నిలువలేదు.

ఇది సన్న్యాసులకు చెల్లునే గాని పిల్లలు, వృద్ధులు, అతిథులు గల గృహస్థునికి అసాధ్యమని కొందరంటారు. ఆ మాటలో సత్యాంశం ఉన్నది; అందుకే శాస్త్రం తారతమ్యాన్ని అంగీకరించింది. మనుస్మృతి నాల్గవ అధ్యాయం బ్రాహ్మణ గృహస్థులను నాలుగు విధాలుగా చెప్పింది: గాదెకు సరిపడే ధాన్యం గలవాడు, కుండకు సరిపడే ధాన్యం గలవాడు, మూడు దినాలకు మాత్రమే నిలువ గలవాడు, రేపటికి ఏమీ ఉంచుకొననివాడు. వీరిలో ఉత్తరోత్తరులు శ్రేష్ఠులని చెప్పినా గాదె గలవానిని ధర్మభ్రష్టుడని అనలేదు. గాదెకు ఒక పరిమాణం ఉన్నది. అటకకు, ఆపైన అద్దెకు తీసుకొనే మరొక గదికి పరిమితి లేదు. నేటి గృహస్థు నిర్ణయించుకొనవలసినది ఆ పరిమాణాన్నే.

వస్తువులు తక్కువగా ఉండటం ఎంత ముఖ్యమో ఉన్నవాటిని ఆదరించడం అంత ముఖ్యం. 1922లో భగవాన్ శ్రీరమణమహర్షి స్కందాశ్రమం నుండి అరుణాచల పాదంలోని మాతృసమాధి వద్దకు వచ్చి అక్కడే ఉండిపోయారు. తరలించవలసిన సామగ్రి ఏమున్నది? అయినా పూర్వం చిరిగిన కౌపీనాన్ని ముల్లును సూదిగా చేసుకొని, ఆ వస్త్రపు దారంతోనే కుట్టుకొన్న వృత్తాంతం సూరి నాగమ్మగారి లేఖలలో కనబడుతుంది. నిస్సంగుడు వస్తువును నిర్లక్ష్యం చేయడు. అమ్మమ్మ వాడిన ఇత్తడి బిందెకు కళాయి పెట్టించి నిత్యం వాడుకోవడం పరిగ్రహం కాదు. అదే బిందెను షోకేసులో ఉంచి, దాని కోసం మరొక బీరువా కొనడం పరిగ్రహం.

దేవతాచిత్రాల విషయంలోను ఈ వివేకం అవసరం. ఇళ్లు మారేవారు రావిచెట్ల మొదట వదలివెళ్లిన పటాలు ఎండకు వెలిసి, వానకు తడిసి, అద్దాలు పగిలి కనబడుతుంటాయి. నిత్యం అర్చించగలిగినన్నింటినే స్వీకరించి ఉంటే ఆ అపచారం జరిగేది కాదు. క్షేత్రానికి వెళ్లిన ప్రతిసారి ఒక పటం కొనడం భక్తి కాదు; ఉన్న ఒక్క మూర్తికి ప్రతి దినం ఒక పుష్పం సమర్పించడం భక్తి.

కావున గృహాంతర గమనాన్ని సాధనగా మలచుకొనదలచినవారు రెండు నియమాలను పాటించవచ్చు. విడిచే ఇంటిలో ప్రతి వస్తువును ‘ఇది ఎందుకు వచ్చింది?’ అని ప్రశ్నించాలి; ఇతరుల మెప్పు కోసమా, భయం చేతనా, విసుగు చేతనా అని తెలిస్తే తృష్ణామూలం తెలుస్తుంది. చేరే ఇంటిలో పాలు పొంగించిన దినం నుండి కొంతకాలం, అన్నపానాదులకు, వైద్యానికి తప్ప కొత్త వస్తువేదీ కొనరాదు. అంతవరకు ఏది లేకుండా జీవితం నడిచిందో అది అనవసరమని అనుభవమే బోధిస్తుంది.

అపరిగ్రహం స్థిరపడిన సాధకునికి తన జన్మల స్వరూపజ్ఞానం కలుగుతుందని యోగసూత్రం (2.39) ఫలశ్రుతి చెప్పింది. దేహమూ జీవునికి విడువవలసిన ఇల్లే. వాయువు పుష్పాల నుండి గంధాన్ని గ్రహించినట్లు జీవుడు దేహాంతరానికి మనస్సును, ఇంద్రియాలను మాత్రమే వెంట తీసుకొనిపోతాడని గీత పదునైదవ అధ్యాయం బోధిస్తున్నది. ఆ ప్రయాణంలో లారీ ఉండదు, పెట్టెలుండవు, సంస్కారాలే సామగ్రి. ఇటుకల ఇల్లు మారేటప్పుడు గడప వద్ద నేర్చిన వివేకం ఆ ప్రయాణానికి పనికివచ్చే అభ్యాసం.

స్వస్తి.