ఎర్రని పెంకులు

నా మేనకోడలు ఇటీవల క్రొయేషియా దేశమునకు బోయి, అచ్చటి డుబ్రోవ్నిక్ నగరపు ఛాయాచిత్రములను సెల్‌ఫోనులో నాకు బంపినది. మధ్యధరా సముద్రపు శాఖయగు ఆడ్రియాటిక్ తీరమున వెలసిన యీ ప్రాచీన నగరము ఒకప్పుడు రగూసా యను పేర రాజులేని చిన్న రాజ్యమై, ఓడవర్తకమున ప్రసిద్ధి కెక్కినది. ఇల్లు కదలకుండగనే దానిని జూచితిని. మీకును జూపవలెనని నా కోరిక.

పాతపట్టణమును జుట్టి సుమారు 1,940 మీటర్ల కోటగోడ కలదు. దానిపై నడచుచు బోయినచో ఒకప్రక్క నీలసముద్రము, మరియొకప్రక్క ఇండ్లు కనబడును. పడమటి ద్వారము దాటగనే ఓనోఫ్రియో అను శిల్పి కట్టిన గుండ్రని నీటితొట్టి యున్నది. 15వ శతాబ్దమున సుమారు 12 కిలోమీటర్ల దూరమునుండి కాలువ త్రవ్వించి యిచ్చటికి నీరు దెచ్చిరి. బిందెతో నీటికై తిరిగిన చేతులకు దాని విలువ వేరుగ జెప్పనేల? అచ్చటినుండి సాగు రాజవీధి పేరు స్ట్రాడున్. 1667లో వచ్చిన భూకంపమున పట్టణము చాలవరకు కూలగా, ఈ వీధి కిరుప్రక్కల ఒకే తీరున ఇండ్లు గట్టిరి. వీధిలో పరచిన సున్నపురాళ్లు జనుల యడుగుల రాపిడికి నునుపెక్కి, వానలో దడిసినట్లు మెరయుచున్నవి.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని గోడపైనుండి తీసిన యొక చిత్రమున ఇండ్ల కప్పులు గనబడినవి. కొన్ని పెంకులు వెలిసిపోయి యున్నవి. తక్కినవి అప్పుడే ఆవమునుండి తీసినట్లు ఎర్రగా నున్నవి. "పాతచీరకు క్రొత్తగుడ్డ మాటువేసినట్లున్నది. అందమైన వైపు చూచి తీయరాదటే?" అని వ్రాసితిని.

"అత్తయ్యా! ఆ ఎర్రని పెంకుల కొరకే నేను గోడ యెక్కితిని" అని జవాబు వచ్చినది.

క్రొయేషియా 1991లో యుగోస్లావియా నుండి విడివడగా యుద్ధము చెలరేగినది. ఆ అక్టోబరులో యుగోస్లావు సైన్యము డుబ్రోవ్నిక్‌ను ముట్టడించినది. నగరమున నీరును విద్యుత్తును నిలిచిపోయినవి. డిసెంబరు 6వ తేదీన పాతపట్టణముపై గుండ్లు మిక్కిలిగా గురిసినవి. 1979 నుండియు ప్రపంచ వారసత్వ సంపదగా యునెస్కో గుర్తించిన నగర మది! ముట్టడి తీరునప్పటికి పాతపట్టణమందలి 824 కట్టడములలో సుమారు మూడింట రెండు వంతులు దెబ్బతినినవి. పిమ్మట జనులు కప్పులను మరల నేయించుకొనిరి. ఎర్రని పెంకులున్న చోటెల్ల చాలవరకు గుండు పడిన చోటే.

ఆ డిసెంబరు 6వ తేదీననే పావో అర్బన్ అను ఇరువదిమూడేండ్ల ఛాయాచిత్రకారుడు, గుండ్లు పడుచున్న స్ట్రాడున్ వీధిని చిత్రములు దీయుచు ప్రాణములు విడిచెను. అతని కడపటి చిత్రములు నేటికిని నిలిచియున్నవి.

ఇది చదివిన పిమ్మట ఆ చిత్రమును మరల జూచితిని. నేను మాటువేసిన గుడ్డ యనుకొన్నది మానిన గాయము. ఒక్కొక్క ఎర్రని కప్పు క్రింద ఎవరి వంటయిల్లు కూలెనో, ఏ తల్లి పిల్లలను బట్టుకొని నేలమాళిగలో దాగెనో యని మనసు కలత జెందినది. తొందరపడి పలికిన మాటకు మేనకోడలిని మన్నింప గోరితిని.

సోదరీమణులారా! యాత్రకు బోయినపుడు గోపురమును, సముద్రమును చిత్రము తీయుడు. కాని అతుకు గనబడిన చోట ముఖము త్రిప్పుకొనక, అది యేల వచ్చినదో ఆ యూరివారి నొకమా రడుగుడు. వారు చెప్పినదానిని, తేదీతో గూడ, ఆ చిత్రము క్రిందనే వ్రాసియుంచుడు. మన మేనకోడళ్లు చెప్పనిచో మనవలకు ఎవరు చెప్పగలరు?