చీకటి రంగులు



ఇటలీ భాషలో ‘జాల్లో’ యనగా పసుపుపచ్చ. మనకు పసుపు మంగళప్రదము; ఆ దేశమువారికో, ఆ మాట వినినంతనే హత్యయు, అపరాధపరిశోధనమును జ్ఞప్తికి వచ్చును. 1929వ సంవత్సరమున మిలాను నగరమందలి మొండడోరి ప్రచురణాలయమువారు డిటెక్టివు నవలలను పచ్చని అట్టలతో వెలువరింప మొదలిడిరి. అట్టరంగే కథాజాతికి పేరైనది. 1963లో మారియో బావా తీసిన చిత్రమే తెరమీద ఈ జాతికి మొదటిదని పలువురు చెప్పుదురు. 1970లో డారియో అర్జెంటో చిత్రము వచ్చిన పిదప ఇవి వెల్లువలైనవి. చేతితొడుగుల హంతకుడు, మెరయు కత్తి, తాను చూచిన దేమో తనకే తెలియని సాక్షి: పెక్కింటికి సామగ్రి యిదియే. రెండు చూచినవారు ఇరువది చూచినట్లే.

అయినను సెర్జియో మార్టినో 1972లో తీసిన ‘టుట్టి ఇ కొలోరి డెల్ బుయియో’, అనగా ‘చీకటియొక్క అన్ని రంగులు’, అను చిత్రమును గూర్చి మనము కొంత ముచ్చటింపవలసి యున్నది.

కథ లండనులో జరుగును. జేన్ అను యువతికి బాల్యముననే తల్లి హత్య గావింపబడినది. ఇటీవల మోటారు ప్రమాదమున కడుపులోని బిడ్డయు పోయినది. అది మొదలు నిద్ర లేదు. కన్ను మూసిన చాలు, పసిపిల్లవలె అలంకరించుకొన్న యొక ముదుసలి, ఒక చూలాలు, కత్తి పట్టిన నీలికన్నుల మనుష్యుడు! కొన్నాళ్లకు ఆ నీలికన్నులవాడు పట్టపగలు భూగర్భపు రైలులో గూడ ఆమె వెంట నడచును. కలయో నిజమో ఆమెకును తెలియదు, చూచు మనకును తెలియదు.

భరతముని భయానకరసమునకు శూన్యగృహమును, అరణ్యమును, వికృతధ్వనిని విభావములుగా జెప్పెను. ఇచ్చట శూన్యగృహముతో పని లేదు. ఆమెతో కాపురముండు రిచర్డు కలడు, తోబుట్టువు బార్బరా కలదు, పొరుగింట మేరీ కలదు. అందరును మేలు గోరువారే! రిచర్డు విటమిను మాత్రలు మ్రింగుమనును. బార్బరా అతనికి తెలియకుండ మానసిక వైద్యునొద్దకు బొమ్మనును. మేరీ, భయమంతయు తీరునని నమ్మబలికి, ఒక పాతభవనమున జరుగు రహస్యపూజకు గొంపోవును. అచ్చట నెత్తురు త్రావించెదరు. వ్యాధి తీరుటకు మారు ఉచ్చు బిగిసినది.

వైద్యు డొక్కడు ఆమెచే కలను జెప్పించును. పోయిన బిడ్డను గూర్చి ఆమెను ప్రక్కన గూర్చుండబెట్టుకొని కడుపార నేడ్వనిచ్చిన వారు మాత్రము నాకు గానరాలేదు. ఈ చిత్రమున నన్ను బెదరించినది నీలికన్నులవాడు గాదు, అదియే.

మన యిండ్లలో మాత్రము? చూలు పోయిన కోడలిని పదిదినములు తిరుగకముందే పనిలో బెట్టి, ‘మరల కలుగును లెమ్మ’ని యూరడించుచున్నాము. రేయి నిదుర పట్టక లేచి కూర్చుండెనేని, ఒక యింట గాలి సోకినదని భూతవైద్యుని బిలిచెదరు, మరియొక యింట మాత్ర నిచ్చెదరు. రెంటను ఆపె మాట వినిపించుకొనుట యన్నది లేదు.

1968లో పోలన్‌స్కీ తీసిన ‘రోజ్‌మేరీస్ బేబీ’ ఛాయ దీనిపై దట్టముగా నున్నది. అందును ఇరుగుపొరుగువారే క్షుద్రోపాసకులు. కాని అందు దయ్యము నిజము. ఇందులో మంత్రతంత్రముల తెర వెనుక ఆస్తిపై గన్ను వేసినవారు గలరు. ఎవరో చెప్పను. చిక్కుముడి విప్పిన తీరు తొందరపాటుగా నున్నదనియు, అంతవరకు గూర్చిన భయము నది పలుచన చేసినదనియు నా యభిప్రాయము. బ్రూనో నికొలాయ్ సంగీతమును, ఎడ్విజ్ ఫెనెక్ కన్నులలోని బెదరును ఆ లోపమును కొంత కప్పినవి.

ఇంకొకటి. జేన్ దుఃఖమును జూపదలచిన దర్శకుడు ఆమె దేహమును జూపుటలో హద్దు మీరినాడు. ఆ కాలపు ఇటలీ చిత్రములందు ఇది పరిపాటి యనుట సమాధానము గాదు. కావున పిల్లలతో గూర్చుండి చూడదగినది కాదు. ఇంట నిటీవల గర్భశోకము పొందినవారున్నచో వారికి దీనిని చూపకుడు. ఆ రాత్రి వారి ప్రక్కన గూర్చుండుడు.