దూరపు కొండలు నునుపు

గత సంక్రాంతికి ముందు మా పొరుగున ఉన్న కొబ్బరి రైతు ఒకరు టెలివిజన్ కొనదలచి, తోడు రమ్మని నన్ను అమలాపురం గడియార స్తంభం కూడలికి తీసుకొని వెళ్లారు. దుకాణంలో తెరతెరకూ ఒక చీటీ అంటించి ఉన్నది: హెచ్.డి. రెడీ, ఫుల్ హెచ్.డి., 4కె. "మాస్టారూ, పెద్ద అంకె ఉన్నదే మంచిదంటారాండీ?" అని ఆయన అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసం.

టెలివిజన్ తెరపై బొమ్మ ముగ్గు వంటిది. చుక్కల ఆధారంగానే అది రూపుదిద్దుకుంటుంది. ఆ చుక్కలకే పిక్సెళ్లని పేరు. అడ్డంగా 1280, నిలువుగా 720 చుక్కలున్నది హెచ్.డి.; మొత్తం 9,21,600. అడ్డంగా 1920, నిలువుగా 1080 ఉన్నది ఫుల్ హెచ్.డి.; మొత్తం 20,73,600. అడ్డంగా 3840, నిలువుగా 2160 ఉన్నది 4కె, మొత్తం 82,94,400. అనగా ఫుల్ హెచ్.డి.లోని చుక్కలకు 4కెలో నాలుగింతలు ఉంటాయి.

అయితే చుక్కలు పెరిగినంత మాత్రాన చూపు పెరగదు. గోదావరి గట్టున నిలిచి ఆవలి లంకలోని కొబ్బరితోటను చూడండి. తోట కనబడుతుంది, ఆకు ఆకుగా కనబడదు. ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కంటె చిన్న కోణంలో ఉన్న ఎడమును సాధారణమైన కన్ను గుర్తించలేదు. ఈ లెక్కన 43 అంగుళాల ఫుల్ హెచ్.డి. తెరకు సుమారు ఐదున్నర అడుగులు దాటి కూర్చున్నవారికి చుక్క విడిగా కనబడదు. మన ఇళ్లలో మంచమో కుర్చీయో అంతకంటె దూరంగానే ఉంటుంది. అక్కడి నుండి చూస్తే 4కెలోని అదనపు చుక్కలు కంటికి అందవు. దూరపు కొండలు నునుపు అన్న సామెత ఇక్కడ అక్షరసత్యం.

మరొక విషయం. తెర ఎంత గొప్పదైనా, దానికి అందే ప్రసారాన్ని బట్టియే బొమ్మ ఉంటుంది. సాధారణ ఎస్.డి. ప్రసారంలో 576 గీతలే ఉంటాయి. మిగిలిన చుక్కలను టెలివిజన్ తానే ఊహించి పూరిస్తుంది. దుకాణంలో మాత్రం 4కెలో ప్రత్యేకంగా చిత్రించిన దృశ్యాలను ప్రదర్శిస్తారు. మనము రెండడుగుల దూరాన నిలిచి చూస్తాము. ఆ తళుకు మన ఇంటికి రాదు.

పెద్ద తెరను దగ్గరగా చూచేవారికి, ఇంటర్నెట్ ద్వారా 4కె చిత్రాలు చూచేవారికి దాని వలన ప్రయోజనం ఉన్నది, కాదనను. కాని మా రైతు తాను రోజూ చూచే ఛానలునే రెండు 43 అంగుళాల తెరలపై పెట్టించి, తొమ్మిది అడుగులు వెనుకకు జరిగి చూశారు. తేడా కనబడలేదు. ఫుల్ హెచ్.డి. తెరనే కొని, మిగిలిన సొమ్మును మనవరాలి కళాశాల రుసుముకు ఉంచారు.

వస్తువు నాణ్యత, పరిమాణం, ధరలను గూర్చి తెలుసుకొనే హక్కును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మనకు కల్పించింది. తెలుసుకొన్నదానిని మన అవసరంతో తూచి చూడటం మన బాధ్యత. విద్యార్థులారా! ఇంట్లో పెద్దలు ఇటువంటి వస్తువు కొనబోయేటప్పుడు మీరు తోడు వెళ్లండి. అంకెను చదివి దాని అర్థం చెప్పండి. ఆ పిమ్మట పదడుగులు వెనుకకు వేసి, వారి కంటితోనే చూడమనండి.