వాకిట్లో ఆమె ఒంటరిగా నిలబడకూడదు

మన ఊళ్లలో అప్పు లేని రైతు ఇల్లు వెతికితే దొరకడం కష్టం. 2018–19 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయి. దేశం మొత్తం మీద ఆ లెక్క 50.2 శాతమే. ఒక్కో కుటుంబం మీద సగటు అప్పు ఆంధ్రప్రదేశ్‌లో రూ.2,45,554, తెలంగాణలో రూ.1,52,113. పెట్టుబడి పెరిగి, గిట్టుబాటు ధర రాక, కౌలు తగ్గక మిగిలిన అప్పు ఇది. పది ఇళ్లలో తొమ్మిదింటికి ఉన్న అప్పును ఒక ఇంటి తప్పుగా చూపడం అన్యాయం.

అప్పు అందరిదీ ఒకటే అయినా, వసూలు మాత్రం అందరి దగ్గరా ఒకలా ఉండదు. భర్త చనిపోయిన, భర్త వదిలేసిన, లేదా భర్త ఊరొదిలిపోయిన ఆడమనిషి ఇంటి ముందు వసూలుదారు గొంతు వేరుగా లేస్తుంది. రెండెకరాలు కౌలుకు చేస్తూ, మిగతా రోజులు కూలికి పోతూ, ఇద్దరు పిల్లలను చదివిస్తున్న తల్లి మీదికి అతను ఏ వేళకు రావాలో చూసుకునే వస్తాడు. పిల్లలు బడి నుంచి ఇంటికి చేరే వేళకు అరుగు మీద కూర్చుంటాడు. కూలికి పోయిన చేను గట్టు మీదికే వచ్చి నలుగురిలో పేరు పెట్టి పిలుస్తాడు. చట్టం తన వైపు ఉందన్న ధైర్యంతో అతను రావడం లేదు. ఆమె పరువుకు భయపడుతుందనీ, పక్కన ఎవరూ నిలబడరనీ తెలిసి వస్తున్నాడు. మొదటిది ఆమె ఒక్కతే మార్చుకోగలిగింది కాదు. రెండోది మాత్రం మన సంఘం చేతిలో ఉంది.

అప్పు ఎగ్గొట్టమని మనం ఎవరికీ చెప్పడం లేదు. తీసుకున్నది తీర్చాలి. కానీ ఎంత, ఎప్పుడు, ఎలా తీర్చాలన్నది ఇంట్లో పొయ్యి వెలిగాక, విత్తనం కొన్నాక, పిల్లల ఫీజు కట్టాక కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. వాకిట్లో కేకలతో తేలేది కాదు.

ముందు ఆ అప్పు ఎవరిదో చూడాలి

భర్త పోయిన ఇంట్లో పెద్ద అన్యాయం పదకొండో రోజు గడవకముందే జరిగిపోతుంది. నలుగురు పెద్దమనుషులను కూర్చోబెట్టి, పాత ప్రామిసరీ నోటు తీసి, భార్య పేరున కొత్త నోటు రాయించుకుంటారు. ఏడుపులో ఉన్న మనిషి ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడుతుంది. అప్పటిదాకా ఆమెది కాని అప్పు ఆ సంతకంతో ఆమెది అవుతుంది.

చట్టం చెప్పేది ఇది. చనిపోయిన మనిషి అప్పుకు వారసులు బాధ్యులే, కానీ ఆయన నుంచి వాళ్లకు వచ్చిన ఆస్తి మేరకే. ఆయన ఏమీ మిగల్చకపోతే ఆమె కూలి డబ్బు మీద, పుట్టింటివారు ఇచ్చిన బంగారం మీద, ఆమె సొంత సంపాదన మీద అప్పులవాడికి హక్కు లేదు. ఆమె కూడా సహ రుణగ్రహీతగానో, జామీనుగానో సంతకం పెట్టి ఉంటే సంగతి వేరు. అందుకే మొదట అడగాల్సింది, 'నోటు మీద నా సంతకం ఉందా? చూపించు' అని. కొత్త నోటు మీద, ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకూడదు. చెక్కు బౌన్సైతే అది క్రిమినల్ కేసుగా మారుతుంది. అలాంటి నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజులే గడువు. కాబట్టి ఏ నోటీసు వచ్చినా దాన్ని మూలన పడేయకుండా ఆ రోజే వకీలుకు చూపించాలి.

ఇంకో మాట. మైక్రో ఫైనాన్స్ అప్పు ఇచ్చేటప్పుడు చాలా సంస్థలు రుణగ్రహీతకూ, భర్తకూ కలిపి బీమా ప్రీమియం పట్టుకుంటాయి. భర్త చనిపోతే ఆ బీమా నుంచే బాకీ తీరవచ్చు. ఈ సంగతి చెప్పకుండా కిస్తీలు వసూలు చేస్తున్న చోట మనం కాగితాలు బయట పెట్టించాలి.

రైతు ఆత్మహత్య జరిగిన కుటుంబాలకు 2004లో వచ్చిన 421 జీవోలోనే పునరావాసానికి లక్ష, అప్పులను ఒకేసారి తేల్చడానికి రూ.50 వేలు అని విడిగా పెట్టారు. తెలంగాణలో 2015 సెప్టెంబరులో వచ్చిన 173 జీవో దాన్ని కుటుంబానికి రూ.5 లక్షలు, అప్పుల పరిష్కారానికి లక్షగా పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో సాయాన్ని 2019లో రూ.7 లక్షలు చేశారు. అప్పులవాళ్లను అధికారుల ఎదుట కూర్చోబెట్టి బాకీ తేల్చాలన్న ఆలోచన ప్రభుత్వ కాగితాల్లోనే ఉంది. అది అమలు కానిచోట, సాయం సొమ్ము చేతికి రాగానే అప్పులవాళ్లు బ్యాంకు గేటు దగ్గరే కాపు కాస్తారు. ఆ డబ్బు పిల్లల కోసం వచ్చింది. దాన్ని ముందుగా వాళ్ల పేరున డిపాజిట్ చేయించడం స్థానిక కమిటీ బాధ్యత.

వసూలుకు హద్దులున్నాయి

మైక్రో ఫైనాన్స్ అప్పులకు 2022 ఏప్రిల్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనలు అమల్లో ఉన్నాయి. వాటిలో మన చెల్లెళ్లకు పనికొచ్చేవి ఇవి.

వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోటే జరగాలి. వరుసగా రెండుసార్లు లేదా అంతకన్నా ఎక్కువ ఆమె అక్కడికి రాకపోతేనే ఇంటికి గానీ పనిచోటుకు గానీ రావచ్చు. ఉదయం 9 గంటల ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. పదేపదే ఫోన్లు చేసి వేధించకూడదు. తిట్టకూడదు, బెదిరించకూడదు. బంధువులను, స్నేహితులను, తోటి పనివాళ్లను వేధించకూడదు. బాకీదారుల పేర్లు బయట పెట్టకూడదు. కట్టకపోతే ఏమవుతుందో అబద్ధం చెప్పి భయపెట్టకూడదు. ఆలస్యానికి జరిమానా వేసినా, కట్టాల్సిన కిస్తీ మీదే గానీ మొత్తం అప్పు మీద కాదు. ప్రతి చెల్లింపూ రాసి ఉన్న లోన్ కార్డు ఆమెకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి.

ఇంకా ముఖ్యమైన నిబంధన ఒకటి ఉంది. అన్ని అప్పుల కిస్తీలూ కలిపి కుటుంబ నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఇక్కడ కుటుంబం అంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. అంటే ఒంటరి తల్లి ఇంట్లో ఆదాయం ఆమె ఒక్కదానిదే. ఉదాహరణకు సాగు, కూలి కలిపి ఏడాదికి రూ.96 వేలు వస్తుంటే నెలకు 8 వేలు. అన్ని కిస్తీలూ కలిపి 4 వేలు మించకూడదు. ఇది తెలిసీ ఆమెకు మూడో అప్పు, నాలుగో అప్పు అంటగట్టిన సంస్థే నిబంధన తప్పింది. పైగా కిస్తీల గడువును అప్పు తీసుకున్నవారి అవసరానికి తగ్గట్టు మార్చే విధానం ప్రతి సంస్థకూ ఉండాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. పత్తి అమ్మేది ఏడాదికి ఒక్కసారైతే కిస్తీ వారం వారం ఎందుకు కట్టాలి? పంట చేతికొచ్చే నెలకు మార్చమని రాసి అడగండి. అడిగిన కాగితం మీద ముద్ర వేయించుకోండి.

'పోలీసులొచ్చి పట్టుకుపోతారు' అన్నది పాత బెదిరింపు. అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు. డబ్బు బాకీ డిక్రీ అమలులో ఆడవాళ్లను అరెస్టు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ నేరుగా చెబుతోంది. 60వ సెక్షన్ ప్రకారం వంటపాత్రలు, మంచం, పరుపు, కట్టుబట్టలు, మతాచారం ప్రకారం తీయకూడని నగలు జప్తు చేయరాదు. వ్యవసాయం చేసేవారి పనిముట్లు, బతుకుతెరువుకు కావాల్సిన పశువులు, విత్తనాలు, వాళ్లుండే ఇల్లు కూడా అంతే. విడిగా తనఖా పెట్టిన ఆస్తి సంగతి వేరు. కోర్టు అమీనా ముట్టుకోలేని బిందెను, గేదెను బండి మీద వచ్చిన వసూలుదారు ఏ హక్కుతో ముట్టుకుంటాడు?

వసూలుకు వచ్చే కుర్రాడు కూడా చాలాచోట్ల రైతు బిడ్డే. టార్గెట్ చేరకపోతే అతని జీతం తెగుతుంది. గ్రూపులో మిగతా ఆడవాళ్లూ మనవాళ్లే. ఒకరి కిస్తీ వచ్చేదాకా అందరినీ సెంటర్ మీటింగులో కూర్చోబెడితే, పక్కింటి వదినే వసూలుదారు అవుతుంది. చేబదులు ఇచ్చిన చిన్న రైతుకూ ఆ డబ్బు అవసరమే. వీళ్లందరితో మాట్లాడి తేల్చుకోవచ్చు. నూటికి ఐదు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 60 శాతానికి తిప్పేవాడితో మాట వేరు, కాగితం వేరు.

2010 పాఠం

2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రో ఫైనాన్స్ వేధింపులు ప్రాణాలు తీసినప్పుడు, అదే అక్టోబరులో ఆర్డినెన్సు, తర్వాత చట్టం వచ్చాయి. వసూళ్లు గ్రామ పంచాయతీ కార్యాలయం దగ్గరో, బహిరంగ స్థలంలోనో జరగాలన్నారు. వడ్డీ అసలును మించకూడదన్నారు. బలవంతపు వసూళ్లకు జైలు శిక్ష పెట్టారు. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, అంతకుముందు ఏడాది కేరళ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును అనుసరించి, రిజర్వ్ బ్యాంకు వద్ద నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు ఆ చట్టం వర్తించదని చెప్పింది. 2022 నిబంధనల్లో వడ్డీకి గట్టి పరిమితి లేదు, సంస్థలే నిర్ణయించుకోవచ్చు. అంటే వడ్డీ తగ్గించే తాళం ఢిల్లీ, ముంబైల్లో ఉంది. వేధింపు మాత్రం మన వాకిట్లో జరుగుతోంది.

కానీ బెదిరింపు, ఇంట్లోకి చొరబడటం ఎవరు చేసినా నేరమే. వీటిని ఆపే అధికారం రాష్ట్రానికి ఉంది. పక్కనున్న కర్ణాటక 2025లో బలవంతపు వసూళ్ల మీద కొత్త చట్టం తెచ్చి, పదేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా పెట్టింది. మన రెండు ప్రభుత్వాలు ఎందుకు కదలవని మనం అడగాలి.

మన పని

ప్రతి గ్రామ కమిటీ ఒంటరి మహిళా రైతుల జాబితా రాయాలి. ఎవరి అప్పు ఎంత, ఎవరికి, ఏ వడ్డీకి, సంతకం ఎవరిది అన్నది ఒక నోటుబుక్కులో ఉండాలి. కబురు అందగానే ఆ ఇంటికి ఇద్దరు వెళ్లాలి, ఒకరు ఆడమనిషి అయి ఉండాలి. గొడవకు కాదు, పక్కన నిలబడటానికి. వచ్చినవాడి పేరు, గుర్తింపు కార్డు, వచ్చిన సమయం, అన్న మాట రాసుకోవాలి. ఇలా మనుషులు నిలబడే వాకిట్లో కేకలు వేయడానికి ఎవడూ సాహసించడు.

వేధిస్తే ముందు సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. రుసుము లేదు, వివరాలకు 14448. బెదిరింపు జరిగితే 112కు, మహిళల సహాయానికి 181కు ఫోన్ చేయాలి. ఆదాయంతో పనిలేకుండా ప్రతి మహిళకూ ఉచిత న్యాయ సహాయం హక్కు, దానికి 15100. రాత్రిళ్లు నిద్ర పట్టక, బతుకు మీద విరక్తి పుడితే 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు. అంతకన్నా ముందు మనం ఆ ఇంటి తలుపు తట్టాలి.

ప్రభుత్వాలను మనం అడిగేవి ఇవి. బలవంతపు వసూళ్ల మీద కొత్త చట్టం తేవాలి. ఆత్మహత్య కుటుంబాల అప్పులను ఆర్డీవో సమక్షంలో తేల్చాలి. సన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తులవారి కోసం తెలంగాణ 2016లో చేసిన రుణ విమోచన కమిషన్ చట్టం ఫలితం మండల స్థాయికి చేరాలి. భూమి భర్త పేరునో, అత్తమామల పేరునో ఉండిపోయిన మహిళలకు, కౌలు చేస్తున్న మహిళలకు బ్యాంకు పంట రుణం ఇవ్వాలి. సకాలంలో కడితే 4 శాతానికి దొరికే పంట రుణం ఆమెకు అందితే, నూటికి ఐదు రూపాయల గడప ఆమె తొక్కదు.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో మొదటి అంశంగా ఆ జాబితా రాయండి. ఊళ్లో ఎన్ని వాకిళ్లకు మనం కాపుండాలో అక్కడే తేలుతుంది.