‘మనకు రాదులే’ అన్న మాటే ముప్పు

ఏఎస్ రావు నగర్ చుట్టుపక్కల చర్లపల్లి, నాచారం షెడ్లలో రోజూ జరిగేదే ఇది. సీఎన్‌సీ లేత్ నుంచి తీసిన జాబ్‌ను ఆపరేటర్ మైక్రోమీటర్‌తో కొలుస్తాడు. 0.02 మిల్లీమీటరు ఎక్కువొచ్చింది. టూల్ అరిగిందని అతనికి తెలుసు. టూల్ స్థానాన్ని సరిచేసే ఆఫ్‌సెట్ ఎంత తగ్గించాలో నోటిలెక్కగా చెప్పగలడు. అయినా ప్యానెల్ మీద చెయ్యి వెయ్యడు. ‘మనకు రాదులే అన్నా, సెట్టర్‌ను పిలువు’ అంటాడు. మిషన్‌ను సెట్ చేసే ఆ సెట్టర్ వచ్చి నాలుగు మీటలు నొక్కి వెళ్లిపోతాడు. ఆ నాలుగు మీటలు నేర్చుకోనందుకే అతను ఏళ్ల తరబడి అదే జీతానికి పనిచేస్తుంటాడు.

‘మనకు రాదులే’ అన్న మాట ఈ నేల మీద వినబడటం బాధాకరం. ఏఎస్ రావు నగర్ ఎవరి పేరు మోస్తోందో ఆ అయ్యగారి సాంబశివరావు గారి బృందమే 1956లో మొదలైన అప్సర అణు రియాక్టర్‌కు ఎలక్ట్రానిక్ నియంత్రణ వ్యవస్థను తయారుచేసింది. అప్పటికి మన దేశంలో రియాక్టరే లేదు. చూసి నేర్చుకోవడానికి ముందు నడిచినవారూ లేరు. చేస్తూ నేర్చుకున్నారు. 1967లో ఆయన సారథ్యంలోనే ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పుట్టింది.

అయితే నైపుణ్యం ఒకసారి సంపాదిస్తే జీవితాంతం తిండి పెట్టదు. ఆ సంస్థ తయారుచేసిన ఈసీ టీవీ ఇవాళ మార్కెట్లో లేదు. పిక్చర్ ట్యూబ్ టీవీని కళ్లు మూసుకుని బాగుచేసిన మెకానిక్‌కు ఎల్‌ఈడీ ప్యానెల్ వచ్చాక ఆ పనితనం అక్కరకు రాలేదు. కొత్తది నేర్చినవారే నిలబడ్డారు. రేపు లేత్ దగ్గరా ఇదే జరుగుతుంది.

తప్పు కార్మికుడి మీదే వేయడం న్యాయం కాదు. ఒక జాబ్ రిజెక్ట్ అయితే జీతంలో కోసేచోట, అందరి ముందూ తిట్టేచోట ఎవరు కొత్త మీట నొక్కుతారు? సామర్థ్యం పుట్టుకతో గీసిన గీత కాదనీ సాధనతో పెరుగుతుందనీ చెప్పిన మనస్తత్వ శాస్త్రవేత్త కరోల్ డ్వెక్ ఇంకో హెచ్చరిక కూడా చేశారు: ‘కష్టపడు’ అని భుజం తడితే చాలదు. పద్ధతి మార్చుకోవాలి, అవసరమైతే సాయం అడగాలి. ఆ సాయం అందించేవారూ ఉండాలి. గోడ మీద నినాదం అంటించి ఓవర్‌టైమ్‌తో మనిషిని పిండేస్తే నేర్చుకునే ఓపిక మిగలదు.

యజమానులకు మా విన్నపం ఒక్కటే. వారానికి ఒక గంట మిషన్ వదలండి, సాధనకు స్క్రాప్ ముక్కలివ్వండి, నేర్చుకుంటూ చేసిన తప్పుకు జీతం కోయకండి. సెట్టర్లూ, తెలిసింది దాచుకోకండి. కార్మిక సోదరులారా, ఈసారి సెట్టర్ వచ్చినప్పుడు పక్కకు తప్పుకోకండి. ‘నేను నొక్కుతాను, నువ్వు చూడన్నా’ అనండి. కొత్త మిషన్ షెడ్డులోకి వచ్చిన రోజున నేర్చుకుందామంటే, అప్పటికే ఆలస్యమైపోతుంది.