నవ్వుకీ ఓ రేటు!

నవ్వు నాలుగు విధాల చేటని వెనకటివాళ్లు అన్నారు గానీ, ఈ రోజుల్లో ఆ నవ్వుకీ ఓ రేటు కట్టేశారు. ఏ టౌనులో చూసినా తళతళలాడే పళ్ల బొమ్మతో బోర్డులే! పట్టుచీర, నగలు, మేకప్పుతో పాటు పెళ్లి ఖర్చుల లిస్టులో ఇప్పుడు పళ్లు కూడా చేరాయి.

ఈ ముచ్చట సినిమావాళ్లతో మొదలైంది. 1930 ప్రాంతంలో హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే పళ్ల డాక్టరు తారల కోసం పళ్ల మీద అతికే పలుచని తొడుగులు చేసిచ్చాడు. బాలనటి షిర్లీ టెంపుల్‌కి ఊడిన పాలపళ్లు కనపడకుండా ఇలాంటివే పెట్టేవారట. షూటింగ్ అయ్యాక తీసేసేవాళ్లు.

ఇప్పటి వెనీర్లు అలా తీసి పెట్టుకునేవి కావు. వీటి కోసం చాలాసార్లు పంటి పైపొరని, అదే ఎనామిల్‌ని, కొంత అరగదీస్తారు. జుట్టూ గోళ్లూ పెరిగినట్టు ఎనామిల్ మళ్లీ పెరగదమ్మా! వెనీరు పదీ పదిహేనేళ్లకి పాడైతే మళ్లీ వేయించుకోవాల్సిందే. అంటే పెళ్లికని పెట్టిన ఖర్చు పెళ్లితో తీరిపోదు, వెంటే వస్తుంది.

మరి పళ్లు బాగుచేయించుకోవడం ఉత్త షోకేనా? కాదు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన ఆడవాళ్లని అడగండి. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు ఉందని 1937లోనే డాక్టర్లు రాశారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లు చిన్నప్పుడు తాగితే, చిగుళ్ల లోపల తయారవుతున్న పళ్లకే మచ్చ పడిపోతుంది. ఎంత తోమినా అది పోదు. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వే అమ్మాయి ఆ మచ్చ తీయించుకుంటే దాన్ని షోకు అనగలమా? తప్పు నీళ్లది, పెళ్లిచూపుల్లో మాట పడేది మాత్రం ఆ పిల్ల!

అందుకే ముందు ఆ మచ్చ ఏమిటో తెలుసుకోవాలి. గార పట్టినా, టీ కాఫీల మరకలైనా మామూలు క్లీనింగ్‌తోనే చాలావరకు పోతాయి. బ్లీచింగ్ చేయిస్తే కొన్నాళ్లు తెల్లగా ఉంటాయి గానీ పళ్లు జివ్వుమనొచ్చు. పైగా అది సొంత పళ్లకే పనిచేస్తుంది, క్యాపు రంగు మారదు. చిగుళ్లు వాచి రక్తం కారుతుంటే ముందు వాటికే వైద్యం చేయించాలి. ఇంట్లో నిమ్మచెక్కతో, బొగ్గుపొడితో రుద్దడం మానండి. నిమ్మరసంలో పులుపు, బొగ్గులో గరుకు రెండూ ఎనామిల్‌ని తినేస్తాయి.

ఈ తొందర ప్రాణం మీదికి కూడా తేవచ్చు. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో పెళ్లి కుదిరిన ఓ అబ్బాయి, నవ్వు అందంగా ఉండాలని క్లినిక్‌కి వెళ్లి చికిత్స మధ్యలో స్పృహ తప్పి చనిపోయాడు. మత్తుమందు ఎక్కువైందని తండ్రి ఆరోపించాడు. ఇలాంటివి అరుదే, అయినా జాగ్రత్త మన చేతిలో ఉంది. బి.డి.ఎస్. చదివి రిజిస్టరైన డాక్టరేనా? పన్ను ఎంత అరగదీస్తారు? ఎన్నేళ్లు నిలుస్తుంది? మళ్లీ వేయించాలంటే ఎంతవుతుంది? ఇవన్నీ అడిగి, రేటు కాగితం మీద రాయించుకోండి. బి.పి., షుగరు, మందుల ఎలర్జీ ఉంటే దాచకుండా చెప్పండి. వాయిదాల మీద కట్టొచ్చనగానే తల ఊపేయకండి. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో గవర్నమెంటు డెంటల్ కాలేజీలున్నాయి. అక్కడ తక్కువ ఖర్చుతో చూపించుకుని, ఆ తర్వాతే ఓ నిర్ణయానికి రావచ్చు.

చివరగా మగపిల్లల తల్లులకో మాట. పిల్ల బాగుంది, పళ్లే కొంచెం ఎత్తు అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ ఒక్క మాటకి అవతల ఆడపిల్ల తండ్రి అప్పు కోసం తిరగాల్సి వస్తుంది. నొప్పి లేకుండా నమిలి తినే గట్టి పళ్లున్న పిల్లకి వంక పెట్టడం మనం మానేస్తే, సగం పళ్ల ఖర్చు అక్కడే మిగిలిపోతుంది. ఏమంటారు?